పెదనాన్న ట్రంకు పెట్టెలో ‘నానా’

పోయిన వారం పీఎఫ్ క్లెయిమ్ గురించి రాశాక వచ్చిన మెసేజ్‌లలో ఒకటి పీఎఫ్‌కి సంబంధం లేనిది. పెట్టింది బీటెక్ మూడో ఏడాది కుర్రాడు. “అన్నా, మా నాన్న ఎక్స్-సర్వీస్‌మన్. మోకాళ్ళు దెబ్బతిని బయటకొచ్చారు. డిజేబిలిటీ పెన్షన్ తెప్పిస్తానని ఒకాయన ఇంటికొచ్చాడు. వచ్చే బకాయిల్లో ముప్ఫై శాతం అడుగుతున్నాడు. సంతకం పెట్టొచ్చా?”

వద్దు తమ్ముడూ, పెట్టొద్దు. ఇదే రిప్లై ఇచ్చాను. ఎందుకు వద్దో చెప్పాలంటే మాత్రం ఒక మెసేజ్ చాలదు, మా పెదనాన్న సంగతి చెప్పాలి.

మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లెటూరు. అక్కడికి దగ్గర్లోనే మాధవరం ఉంది. అందరూ మిలట్రీ మాధవరం అనే అంటారు, అంతమంది సైన్యానికి వెళ్ళారు ఆ ఊరి నుంచి. ఆ గాలి మా ఊరికీ కొంచెం తగిలింది. పెదనాన్న 1994లో ఇంటర్ తప్పి, ఇంట్లో చెప్పకుండా భర్తీకి వెళ్ళి సెలక్టయిపోయాడు. హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్. అంటే ఫిరంగుల దళం. 1999లో కార్గిల్ జరిగినప్పుడు ద్రాస్ వైపు బోఫోర్స్ గన్ దగ్గర ఉన్నాడు. 155 మిల్లీమీటర్ల గన్ అది. దాని పక్కన నిలబడి రోజుకి ఎన్ని రౌండ్లు కాల్చారో ఆయనకే లెక్క లేదు. “చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళం రా. అదీ తడిసిపోయేది” అంటాడు.

2011లో పదిహేడేళ్ళ సర్వీసు ముగించుకుని హవల్దార్‌గా ఇంటికొచ్చాడు. మా పిల్లలందరికీ తెలిసిన పెదనాన్న అప్పటినుంచే. టీవీ సౌండ్ వీధి చివరికి వినపడుతుంది. ఫోన్ ఎత్తితే అవతలివాడు మాట్లాడేలోపే “ఆయ్, చెప్పు చెప్పు” అని అరుస్తాడు. పెళ్ళిళ్ళలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటుంటే లేచి వెళ్ళిపోయి వంటవాళ్ళ దగ్గర నిలబడతాడు. మిలట్రీ మనిషి, కొంచెం పొగరు అనుకునేవాళ్ళం. వినపడక వెళ్ళిపోతున్నాడని మాకెవరికీ తట్టలేదు. మేం నవ్వుకునేవాళ్ళం కూడా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

2022లో రక్షణ శాఖ పెన్షన్లన్నీ ‘స్పర్శ్’ అనే కొత్త ఆన్‌లైన్ సిస్టమ్‌కి మారుస్తున్నారు. పెదనాన్న ఫోన్ చేసి, “ఏరా, నువ్వు కంప్యూటరోడివి కదా, ఇదేదో చూసిపెట్టు” అన్నాడు. ఆ శనివారం ఊరెళ్ళాను. పాత పీపీఓ కావాలి, అంటే పెన్షన్ మంజూరు కాగితం. మంచం కింద నుంచి నల్ల ట్రంకు పెట్టె లాగాడు. పైన తెల్ల పెయింట్‌తో పేరు, ఆర్మీ నంబరు. లోపల ఉన్ని స్వెటర్లు, మెడల్స్, కలరా ఉండల వాసన, అడుగున ఒక ప్లాస్టిక్ కవర్. అందులో పీపీఓ ఉంది. దాని వెనకే 2012 నాటి ఒక ఇంగ్లిష్ ఉత్తరం ఉంది.

ఆ ఉత్తరం సారాంశం ఇది: మీ రెండు చెవుల్లో వినికిడి లోపం ఉంది, దాన్ని మెడికల్ బోర్డు జీవితకాలానికి 20 శాతంగా లెక్కగట్టింది. కానీ ఆ లోపం సైనిక సేవ వల్ల వచ్చిందీ కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు. కాబట్టి డిజేబిలిటీ పెన్షన్ ఇవ్వడం కుదరదు. ఒప్పుకోకపోతే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు.

“పెదనాన్నా, ఇది చదివావా?”

“చదివించాన్రా. పోస్ట్‌మాస్టరు గారు చూసి, పెన్షన్ రాదని రాశారు అన్నారు. నాకు పెన్షన్ వస్తూనే ఉంది కదా అని లోపల పెట్టేశా.”

అప్పటికి పదేళ్ళు.

“సేవ వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదు” అన్న ఆ మాటకి ఆర్మీ ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల పొట్టి పేరుంది: ఎన్.ఏ.ఎన్.ఏ. కలిపి చదివితే ‘నానా’. తర్వాత నేను కలిసిన మాజీ సైనికుల్లో చాలామందికి ఆ ముక్క తెలుసు. “నాది నానా చేశారండీ” అంటారు, పొలం మునిగిందని చెప్పినంత మామూలుగా.

డిజేబిలిటీ పెన్షన్ మొత్తం ఆ నాలుగక్షరాల మీదే నిలబడి ఉంటుంది. సైన్యంలోంచి బయటికి వచ్చేముందు ప్రతి జవానుకీ మెడికల్ పరీక్ష జరుగుతుంది. లోపం ఉంటే రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుని రెండు విషయాలు తేలుస్తుంది. ఒకటి, లోపం ఎంత శాతం. రెండు, అది సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా, లేక రెండూ కాదా. మొదటిదానికి కనీసం 20 శాతం ఉండాలి, రెండోదానికి ‘అవును’ అని ఉండాలి. అప్పుడే మామూలు పెన్షన్ మీద అదనంగా డిజేబిలిటీ భాగం కలుస్తుంది. పెదనాన్న మొదటిది దాటాడు, రెండోదాని దగ్గర ఆగిపోయాడు. కారణం ఒక్క లైనులో రాశారు: సమస్య 2004లో మొదలైంది, అప్పుడు ఆయన ఉన్నది ‘పీస్ స్టేషన్’లో. అంటే యుద్ధ వాతావరణం లేని చోట.

చదివి నాకు ఒళ్ళు మండింది. అయిదేళ్ళ కిందట చెవి పక్కన బోఫోర్స్ పేల్చినవాడికి, క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు చెక్ చేయించుకున్నాడు కాబట్టి జబ్బు క్వార్టర్స్‌లోనే వచ్చిందట!

పెదనాన్నకి మాత్రం కోపం రాలేదు. “చేతులూ కాళ్ళూ పోయినోళ్ళకి ఇస్తార్రా అది. మా బ్యాటరీలో ఒకడికి కాలు పోయింది. నేను చెవి చూపించి డబ్బులడగనా?” అన్నాడు. నన్ను ఎక్కువగా ఆపింది ఈ మాటే. కోర్టు, కాగితాలు అన్నీ తర్వాత. అవిటివాణ్ణని రాయించుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

కాలు పోయినవాళ్ళ వాటాలోంచి ఇది రాదని, యుద్ధంలో గాయపడినవాళ్ళకి వేరే లెక్క, ఇంతకంటే పెద్ద లెక్క ఉందని చెప్పాను. వినలేదు. చివరికి పెద్దమ్మ గట్టెక్కించింది. “ఇరవయ్యేళ్ళ నుంచి ఈయనతో అరిచి అరిచి నా గొంతు పోయింది. నా గొంతుకైనా ఇమ్మనరా” అంది. ఆ మాట ఆయనకి వినపడింది.

నేను లాయర్ని కాదు. కాబట్టి మొదట ఒక ఇంజినీర్ చేసే పనే చేశాను, అంటే పాత రికార్డులు తవ్వడం. సైన్యంలో ప్రతి దళానికీ ఒక రికార్డ్ ఆఫీసు ఉంటుంది. ఆర్మీ కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, పెదనాన్న సంతకంతో, ఆయన నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉత్తరం పంపాం. అడిగినవి: భర్తీ అయినప్పటి మెడికల్ రిపోర్టు, సర్వీసులో జరిగిన మెడికల్ కేటగిరీ బోర్డుల కాగితాలు (ఫారం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-15), బయటికొచ్చేటప్పటి రిలీజ్ బోర్డు కాగితాలు (ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16), ఎప్పుడెక్కడ పోస్టింగ్‌లో ఉన్నాడో ఆ జాబితా. చట్టం ప్రకారం ముప్ఫై రోజుల గడువు. నిజం చెప్పాలంటే నేను ఆశ పెట్టుకోలేదు. ఇరవై ఆరో రోజున లావుపాటి కవరొచ్చింది.

ఆ రాత్రి వసారాలో బల్బు కింద కూర్చుని ఒక్కో కాగితం చూశాను. 1994 భర్తీ పరీక్షలో వినికిడి నార్మల్. ఆర్మీలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అని అయిదక్షరాల్లో కొలుస్తారు, అందులో హెచ్ అంటే వినికిడి. 2004 కాగితాల్లో ఆ హెచ్ ఒకటి నుంచి రెండుకి దిగింది. ఈ రెండూ నేను ఊహించినవే. ఊహించనిది ఇంకోటి దొరికింది. 2000 సంవత్సరంలో, ఆయన ఇంకా ఫీల్డ్ ఏరియాలో ఉండగానే, యూనిట్ డాక్టర్ రాసిన చిన్న చీటీ జిరాక్స్. చెవుల్లో హోరు వస్తోందని చెప్పాడని, చుక్కల మందు ఇచ్చామని రెండు లైన్లు. కింద తేదీ, స్టాంపు.

“ఇది గుర్తుందా?”

“ఏమో రా. అప్పుడందరికీ హోరే.”

ఆ చీటీ బోర్డు ముందున్న ఫైల్లో ఉందో లేదో, ఉన్నా ఎవరైనా చదివారో లేదో నాకు తెలీదు. పెదనాన్నకైతే అలాంటిదొకటుందనే తెలీదు.

ఇక చట్టం సంగతి. సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో ఒక తీర్పిచ్చింది. చేరేటప్పుడు కాగితాల్లో జబ్బు రాయలేదంటే ఆరోగ్యంగా చేరాడనే అనుకోవాలి. తర్వాత జబ్బుతో బయటికొస్తే అది సేవ వల్ల వచ్చిందనే మొదలుపెట్టాలి. కాదు అంటే ఎందుకు కాదో చూపించాల్సింది సర్కారే, జవాను కాదు. బోర్డు ఊరికే ‘నానా’ అని రాస్తే చాలదు, కారణాలు రాయాలి. మా మావయ్య స్నేహితుడైన లాయర్ గారు ఈ తీర్పు పేరు చెప్పగానే నాకు సగం కేసు గెలిచినట్టే అనిపించింది. ఆయన నవ్వి, “ముందు అప్పీలు వెయ్యండి బాబూ” అన్నారు.

పద్ధతి ప్రకారం మొదటి అప్పీలు, అదీ కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చిన కోర్టు ఇది, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్. మా అప్పీలు గడువు దాటిందని తిరిగొచ్చింది, అనుకున్నదే. అప్పుడు చెన్నైలో కేసు వేశాం. పదేళ్ళ ఆలస్యం కేసుని ముంచలేదు. పెన్షన్ ప్రతి నెలా రావాల్సింది, కాబట్టి ప్రతి నెలా కొత్తగా అన్యాయం జరుగుతున్నట్టే అని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. అదే తీర్పు ఇంకో మాటా చెప్పింది. ఎంత ఆలస్యంగా వచ్చినా కేసు వింటాం గానీ, బకాయిలు మాత్రం కేసు వేసిన రోజుకి ముందు మూడేళ్ళవే.

ఆ పదేళ్ళలో మూడు పోగా మిగిలినవి గాలికిపోయినట్టే. పెదనాన్నకి ఇది చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోతే, “వినపడింది” అన్నాడు.

2024లో ఆర్డరొచ్చింది. లోపం సేవ వల్ల వచ్చిందేనని, 20 శాతాన్ని 50గా లెక్కించి జీవితాంతం ఇవ్వాలని, మూడేళ్ళ బకాయిలు కట్టాలని.

ఈ 20 కాస్తా 50 ఎలా అయిందని నన్ను చాలామంది అడిగారు. దీన్ని ‘బ్రాడ్ బ్యాండింగ్’ అంటారు, పేరు చూసి ఇంటర్నెట్ కనెక్షన్ అనుకోకండి. డాక్టర్లు వేసే శాతం కచ్చితంగా ఉండదు, ఒకరు 20 అంటే ఇంకొకరు 30 అంటారు. అందుకని 50కి తక్కువున్న వాళ్ళని 50కి, 50 నుంచి 75 మధ్య ఉన్నవాళ్ళని 75కి, ఆపైన వాళ్ళని 100కి పెంచి లెక్కగడతారు. 1996 జనవరి నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. అయితే మొదట్లో అనారోగ్యంతో మధ్యలోనే ఇంటికి పంపినవాళ్ళకే ఇచ్చేవారు. సర్వీసు పూర్తిచేసి లోపంతో వచ్చినవాళ్ళకీ ఇవ్వాల్సిందేనని 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బుల్లో చెప్తా. ఆఖరి జీతం 40,000 అనుకోండి. నూరు శాతం లోపానికి అందులో 30 శాతం, అంటే 12,000. లోపం 20 శాతమైతే 2,400. అదే 50కి పెంచితే 6,000. దీనిమీద కరువు భత్యం అదనం. మీ ఇంట్లో ఇప్పటికే డిజేబిలిటీ పెన్షన్ వస్తుంటే, పీపీఓ తీసి ఈ ఒక్క అంకె చూడండి. 20 గానో 30 గానో, 60 గానో మిగిలిపోయి ఉంటే ఆ పైమెట్టు అడగడానికి దారి ఉంది. దానికి కొత్త జబ్బు ఏదీ చూపించక్కర్లేదు.

ఉన్న లోపమే ముదిరితే మళ్ళీ మెడికల్ బోర్డు పెట్టమని కోరే దారి వేరే. జీవితకాలానికి అని రాసిన శాతాన్ని, మనమే అడిగితే తప్ప వాళ్ళు తిరగదోడరు. కానీ అడిగాక శాతం పెరగొచ్చు, తగ్గొచ్చు కూడా. చెవుల డాక్టర్ దగ్గర ముందు బయట పరీక్ష చేయించుకుని, అప్పుడు ఆలోచించమని లాయర్ గారి సలహా. పెదనాన్న ఆ జోలికి పోలేదు. “ఉన్నది చాల్లే” అన్నాడు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన విషయం దాచకుండా చెప్పాలి. ఈ పెన్షన్ దుర్వినియోగం అవుతోందన్న మాట కూడా ఉంది. 2015-16 నుంచి 2019-20 వరకు లెక్కలు చూసిన కాగ్, రిటైరయ్యే అఫ్సర్లలో ఏటా దాదాపు 40 శాతం, జవాన్లు తదితర ర్యాంకుల్లో దాదాపు 18 శాతం డిజేబిలిటీ పెన్షన్‌తో వెళ్తున్నారని రాసింది. బీపీ, షుగర్ లాంటి వాటి వాటా ఎక్కువగా ఉందని ఎత్తిచూపింది. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి. ఆ తర్వాత బయటికొచ్చేవాళ్ళకి ఈ భాగం పేరే మారిపోయి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అయింది, షరతులూ బిగిశాయి. అంతకు ముందు వచ్చినవాళ్ళకి పాతవే.

కాగ్ ఆ 40 చూసి కంగారుపడింది. నాకు మాత్రం పక్కనున్న 18 మీదే కన్ను ఆగింది. గన్ లాగేది జవాను, మంచులో నిలబడేది జవాను, మరి లోపం అఫ్సర్‌కి ఎక్కువెలా ఉంటుంది? నా అనుమానం ఒకటే, అఫ్సర్ ఆ ఇంగ్లిష్ ఉత్తరం చదువుతాడు. ఇది రుజువు చెయ్యలేను. మా ఇంటి ట్రంకు పెట్టె చూశాక వేరేలా అనుకోలేను కూడా.

ఇప్పుడు ముప్ఫై శాతం అడిగే ఆయన దగ్గరికొద్దాం. 1871 నాటి పెన్షన్ల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. ఇంకా చేతికి రాని పెన్షన్‌ని ఇంకొకరికి రాసిచ్చే ఒప్పందం ఏదైనా చెల్లదని దాని 12వ సెక్షన్ చెప్తుంది. ఆయన లాయరే అయితే ఇంకా తప్పు. కేసులో వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. మా లాయర్ గారు ముందే ఇంత అని ఫీజు చెప్పారు, రెండు విడతల్లో ఇచ్చాం. అంతకుముందు పనంతా దాదాపు ఉచితమే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కాగితాలు చూసి దారి చెప్తారు, మాకు అప్పీలు ఎలా రాయాలో చెప్పింది అక్కడి రిటైర్డ్ సుబేదార్ గారే. నేను ఇంటర్నెట్‌లో నుంచి దించిన నమూనాని చూసి, “ఇది ప్రేమలేఖలా ఉంది బాబూ” అని ఎర్ర పెన్నుతో సగం కొట్టేశారు.

ఆ ఏజెంట్లు ఇంకో పని కూడా చేస్తారు. “మోకాలి నొప్పి అని రాయించండి, నడుం నొప్పి కూడా కలపండి” అంటారు. లేనిది కలపొద్దు. సర్వీసులో ఒక్క కాగితం మీదా లేని జబ్బు అప్పీల్లో పుట్టుకొస్తే, ఉన్న నిజమైన జబ్బునీ ఎవరూ నమ్మరు.

బకాయిలు పడటానికి ఆర్డర్ తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. 2025లో ఒక మధ్యాహ్నం పెదనాన్న ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని మోసం మెసేజ్ అనుకుని డిలీట్ చేశాడు. సాయంత్రం పెద్దమ్మ పాస్‌బుక్ పట్టుకెళ్ళి ప్రింట్ వేయించుకొస్తే గానీ నమ్మలేదు. ఇప్పుడు కరువు భత్యంతో కలిపి నెలకి ఎనిమిది వేల పైన అదనంగా వస్తోంది. హియరింగ్ ఎయిడ్ పెట్టించాం. మొదటి వారం దాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. “మీ పెద్దమ్మ ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదురా” అన్నాడు.

ఆర్డర్ సంగతి ఊళ్ళో పాకింది. మొన్న సంక్రాంతికి వెళ్తే అరుగు మీద ముగ్గురు కాగితాల సంచులతో కూర్చుని ఉన్నారు. ఒకాయనకి షుగర్, రిటైరైన నాలుగేళ్ళకి వచ్చింది. సర్వీసు కాగితాల్లో ఎక్కడా లేదు. “లేదండీ, ఇది కుదిరేలా లేదు” అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆయన బాధపడ్డాడు, నేనూ. రెండో ఆయనకి 30 శాతంతో పెన్షన్ వస్తూనే ఉంది, 50కి పెంచాల్సింది ఎవరూ అడగలేదు. ఆయన ఫైలు లాయర్ గారికి వెళ్ళింది.

మూడో ఆవిడ భర్త నాయక్‌గా రిటైరై 2019లో పోయారు. ఆయన ట్రంకు పెట్టెలో కూడా అలాంటి ఇంగ్లిష్ ఉత్తరమే ఉంది. ఆయన బతికున్నన్నాళ్ళకి రావాల్సింది ఆవిడ అడగొచ్చా, అడిగితే ఎంత నిలుస్తుందన్నది లాయర్ గారు చూసి చెప్పాలి. దానికి ముందు బోర్డు కాగితాలు కావాలి. కొంతకాలం దాటితే పాత రికార్డుల్ని తీసేసే పద్ధతి ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. ఉత్తరం అక్కడే కూర్చుని రాశాను, ఆవిడ వేలిముద్ర వేశారు. అయితే పండక్కి పోస్టాఫీసు మూసి ఉంది, పది రూపాయల పోస్టల్ ఆర్డర్ దొరకలేదు. సోమవారం పొద్దున్నే తీసి పంపిస్తానని పెదనాన్న కవరు తన దగ్గర పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు, ఎప్పటిలా అరవకుండా, మామూలు గొంతుతో. “పంపించేశా. రసీదు ఫొటో తీసి నీకు పెట్టా, చూస్కో.”